రెండేళ్లు నిండబోయే పాపతో విమానంలో థీమ్ పార్కుకు: వెళ్లవచ్చా, ఆగాలా?

వెన్నెల_అమ్మ

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేను, మావారు, మా అమ్మ, మా పాప కలిసి ఒక పెద్ద థీమ్ పార్కుకు వెళ్లాలనుకుంటున్నాము. విమానంలో నాలుగున్నర గంటల ప్రయాణం, అక్కడ ఐదు రాత్రుల బస. పాపను ఇంతవరకు విమానం ఎక్కించలేదు. బయలుదేరే రోజుకు దానికి రెండేళ్లు నిండడానికి ఇంకా మూడు రోజులు ఉంటాయి కాబట్టి పుట్టినరోజు అక్కడే జరుగుతుంది. టికెట్లు ఇంకా కొనలేదు, అందుకే ముందుగా ఇక్కడ అడుగుతున్నాను.

పాపకు విడిగా సీటు తీసుకోవాలా, ఒడిలో కూర్చోబెట్టుకుంటే సరిపోతుందా? విమానం దిగేటప్పుడు చెవినొప్పితో పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారని విన్నాను, దానికి ముందుజాగ్రత్త ఏమైనా ఉందా? పార్కులో రోజుకు ఎన్ని గంటలు గడపవచ్చు? పాప మధ్యాహ్నం పన్నెండున్నరకు పడుకుని రెండున్నరకు లేస్తుంది. ఆ నిద్ర ఒక్కరోజు తప్పినా సాయంత్రం మా ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినపడదు. మావారికి పెద్ద రోలర్ కోస్టర్లు ఎక్కాలని చిన్నప్పటి నుంచి కోరిక. పాపను అమ్మ దగ్గర వదిలి మేమిద్దరం కాసేపు వెళ్లిరావడం న్యాయమేనా అన్నది కూడా నన్ను తొలుస్తున్న ప్రశ్నే.

ఆలోచిద్దాం

మీరు అడిగారు కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను: రెండేళ్లు ఆగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం రెండేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు దాదాపు 86, 87 సెంటీమీటర్లు. పెద్ద రైడ్లలో చాలావాటికి కనీస ఎత్తు 97 లేదా 102 సెంటీమీటర్లు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. అదే ప్రమాణాల్లో నాలుగేళ్ల పిల్లల ఎత్తు 103 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే రెండేళ్లు ఓపిక పడితే, ఈరోజు గేటు దగ్గర కొలబద్ద చూపించి వెనక్కి పంపే రైడ్లలో సగానికి పైగా అప్పుడు తెరుచుకుంటాయి.

రెండో సంగతి, పెద్దవాళ్లయ్యాక మనుషులకు గుర్తుండే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసు నాటివి. మీరు పడే శ్రమంతా పాపకు ఫొటోల్లో తప్ప ఎక్కడా మిగలదు.

ముగ్గురు_పిల్లల_నాన్న

ఆలోచిద్దాం గారి లెక్కల్లో తప్పు లేదు గానీ వాటి నుంచి తేల్చిన విషయంతో నేను ఏకీభవించను. గుర్తుండదని చెప్పి రెండేళ్ల పిల్లలను ఎవరూ ఎత్తుకోకుండా ఉండరు కదా. ఎత్తు పరిమితి లేని రైడ్లు, ఊరేగింపులు, నీళ్ల ఫౌంటెన్లు, రంగుదీపాలు ఈ వయసు పిల్లలకు రోజుకు సరిపడా కాదు, వారానికి సరిపడా ఉంటాయి. పైగా చాలా డిస్నీ పార్కుల్లో మూడేళ్లలోపు పిల్లలకు ప్రవేశ టికెట్టు అక్కర్లేదు, టోక్యోలోనైతే నాలుగేళ్లు నిండేవరకు అక్కర్లేదు. ఈ వెసులుబాటు తర్వాత రాదు.

అయితే వెన్నెల_అమ్మ గారూ, మీ పోస్టులో నన్ను భయపెట్టిన మాట వేరే ఉంది: ప్రయాణం మధ్యలో పుట్టినరోజు. మా రెండోవాడి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. రానూపోనూ ఒడి టికెట్టే తీసుకున్నాము, వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణం రోజు కౌంటరులో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి, పుట్టిన తేదీ మీద వేలు పెట్టి, తల ఎత్తి మావాడిని చూసి, మళ్లీ తేదీ చూసింది. వాడికి రెండేళ్లు నిండి అప్పటికి రెండు రోజులు. విమానంలో మిగిలిన సీట్లు రెండే, అవి కూడా మాకు దూరంగా, చివరి వరుసలో. అప్పటికప్పుడు టికెట్టు కొని, కనిపించిన ప్రతి ప్రయాణికుడినీ సీటు మార్చుకోమని బతిమాలి, విమానం తలుపు వేసే ముందు కూర్చున్నాము. తప్పు మాదే, నిబంధన టికెట్టు వెనకే రాసి ఉంది. మీరు మాత్రం తిరుగు ప్రయాణానికి సీటు ఇప్పుడే తీసుకోండి.

గగనయానం

విమానంలో క్యాబిన్ సిబ్బందిగా పదకొండేళ్లు పనిచేశాను. పై మాటకు మరికొంత జోడిస్తాను.

ఒడిలో కూర్చోబెట్టుకునే వెసులుబాటు రెండేళ్లు నిండేవరకే. ఆ ప్రయాణం చేసే రోజున వయసు ఎంత అన్నదే లెక్క, టికెట్టు కొన్న రోజున ఎంత అన్నది కాదు. కాబట్టి మీకు వెళ్లేటప్పుడు ఒడి టికెట్టు చట్టరీత్యా చెల్లుతుంది, వచ్చేటప్పుడు చెల్లదు. కానీ చెల్లుతుంది కదా అని తీసుకోమని నేను చెప్పను. దాదాపు రెండేళ్ల పిల్ల పన్నెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది; విమానం ఒక్కసారి గట్టిగా కుదిపితే అంత బరువును చేతులతో ఆపడం ఎంత బలమున్నవారికైనా కుదరదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒడి ప్రయాణాన్ని నిషేధించలేదు గానీ, పిల్లలను ఆమోదించిన సీటులో కూర్చోబెట్టడమే క్షేమమని స్పష్టంగా చెబుతుంది. తల్లి బెల్టుకు తగిలించి పిల్లను కట్టే లూపు బెల్టును ఐరోపా విమానాల్లో సిబ్బందే ఇస్తారు, అమెరికా విమానాల్లో టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో దానిని వాడనివ్వరు. ఒకే వస్తువు మీద రెండు చోట్ల రెండు అభిప్రాయాలు ఉన్నాయంటేనే అది అంత గొప్ప రక్షణ కాదని నేను అనుకుంటాను.

విడి సీటు తీసుకుంటే రెండు దారులు ఉన్నాయి. మీ కారు సీటును తీసుకురావచ్చు, కానీ దాని మీద విమానంలో వాడడానికి ఆమోదం ఉన్నట్లు ముద్రించిన లేబులు ఉండాలి; దాన్ని కిటికీ పక్కనే బిగించాలి, ఎమర్జెన్సీ ద్వారం వరుసలో బిగించనివ్వరు. రెండోది కేర్స్ అనే పట్టీ. విమానం సీటు వీపు చుట్టూ తొడిగి, భుజాల మీదుగా తెచ్చి సీటు బెల్టుకు కలిపే ఈ పట్టీని ఎఫ్‌ఏఏ 2006లో ఆమోదించింది. ఇది 10 నుంచి 20 కిలోల బరువు, ఒక మీటరు లోపు ఎత్తు ఉన్న పిల్లలకు సరిపోతుంది. అరకిలో కూడా బరువు ఉండదు కాబట్టి చేతిసంచిలో పడిపోతుంది. మీ విమానసంస్థ దానిని అనుమతిస్తుందో లేదో ముందుగా రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబును ఫోనులో ఉంచుకోండి. ఇంట్లో కుర్చీకి ఒకసారి కట్టి అలవాటు చేస్తే మరీ మంచిది, ఎందుకంటే పిల్లలు కొత్త పట్టీ మీద చేసే తిరుగుబాటు మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది, ఆ పది నిమిషాలు విమానంలో గడవకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఒక వైపు మూడు సీట్లున్న వరుసలో తలపైన సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులు ఉంటాయి, అంటే అదనంగా ఒక్క ఒడి బిడ్డకే. ఒకే వైపు వరుసలో ఇద్దరు చంటిపిల్లల తల్లులను పక్కపక్కన కూర్చోనివ్వకపోవడానికి కారణం అదే. స్నేహితులతో కలిసి వెళ్లేవారు సిబ్బంది విడదీశారని కోపం తెచ్చుకుంటారు, అది వారి ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు.

వెన్నెల_అమ్మ

గగనయానం గారూ, మాస్కుల సంగతి నాకు అస్సలు తెలియదు. రానూపోనూ సీటు తీసుకోవాలని ఇప్పుడే నిర్ణయించుకున్నాము. చెవుల విషయం కూడా దయచేసి కొంచెం వివరించండి.

గగనయానం

తప్పకుండా. ప్రయాణంలో క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే ఒత్తిడికి సమానంగా ఉంటుంది. పైకి ఎక్కేటప్పుడు మధ్యచెవిలోని గాలి వ్యాకోచించి తనంతట తానే బయటికి పోతుంది. దిగేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది: బయటి ఒత్తిడి పెరుగుతుంది, మధ్యచెవిని గొంతుతో కలిపే యూస్టేషియన్ నాళం తెరుచుకుంటేనే గాలి లోపలికి వెళ్లి ఒత్తిడి సమానమవుతుంది. పసిపిల్లలలో ఆ నాళం సన్నగా, పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి సులువుగా తెరుచుకోదు. మింగినప్పుడు మాత్రం తెరుచుకుంటుంది. అందుకే దిగేటప్పుడు ఏదో ఒకటి తాగిస్తూ, నమిలిస్తూ ఉండాలి.

చాలామంది పొరపాటు పడేది సమయం విషయంలో. చక్రాలు నేలను తాకే ముందు పాలసీసా తీస్తారు. విమానం దిగడం మొదలయ్యేది అంతకు ఇరవై, ముప్పై నిమిషాల ముందు. ఇంజిన్ల హోరు తగ్గి ముందుభాగం కాస్త కిందికి వంగినట్లు అనిపించినప్పుడే మొదలుపెట్టండి. పాప నిద్రపోతుంటే లేపాలా అని అడుగుతారు. నిద్రలో మింగడం తగ్గుతుంది, కాబట్టి అప్పుడే మెల్లగా లేపడం మేలు. ఒకేసారి గడగడా తాగించకుండా కొద్దికొద్దిగా ఇవ్వండి, లేకపోతే సగం దూరంలోనే కడుపు నిండిపోయి సీసాను తోసేస్తుంది. జలుబు, చెవిపోటు ఉంటే మాత్రం బయలుదేరే ముందు పిల్లల వైద్యుడికి చూపించాల్సిందే. నిద్ర రావడానికని మత్తు కలిగించే అలర్జీ మందులు మాత్రం సొంతంగా ఇవ్వకండి. కొందరు పిల్లలలో అవి వికటించి నిద్రకు బదులు హుషారు తెప్పిస్తాయి, అలాంటి రాత్రులు నేను చూశాను.

సెక్యూరిటీ వద్ద 100 మిల్లీలీటర్ల నిబంధన నుంచి పసిపిల్లల పాలకు, ఆహారానికి చాలా దేశాల్లో మినహాయింపు ఉంది. సంచిలోంచి విడిగా తీసి, అడగకముందే చూపిస్తే పని త్వరగా అవుతుంది.

ముగ్గురు_పిల్లల_నాన్న

ఒక్క మాట. చిన్నపిల్లలున్నవారు ముందుగా ఎక్కవచ్చని పిలవగానే అందరూ లేచి వెళ్తారు. మేమూ మొదటిసారి అలాగే వెళ్లి, విమానం కదలకముందే నలభై నిమిషాలు ఆ ఇరుకు సీటులో పిల్లవాడితో కుస్తీ పట్టాము. తర్వాత నుంచి ఒకరు సామాను, పట్టీ తీసుకుని ముందుగా ఎక్కుతారు, రెండోవారు చివరి పిలుపు వరకు పిల్లను గేటు దగ్గర పరిగెత్తిస్తారు. అలిసిన కాళ్లతో ఎక్కిన పిల్ల కూర్చుంటుంది.

పార్కు_ద్వారం

నేను ఒక థీమ్ పార్కులో మూడు సీజన్లు రైడ్ల ప్రవేశద్వారం దగ్గర పనిచేశాను. కొలబద్ద పట్టుకుని పిల్లలను ఏడిపించే ఉద్యోగం నాదే.

మీవారి రోలర్ కోస్టర్ సమస్యకు పరిష్కారం పార్కులే పెట్టాయి. డిస్నీలో రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్‌లో చైల్డ్ స్వాప్ అంటారు. కుటుంబమంతా రైడ్ ద్వారం దగ్గరికి వచ్చి సిబ్బందితో చెబితే, ఒకరు ఎక్కివచ్చేవరకు రెండోవారు పిల్లతో ఆగుతారు, తర్వాత రెండోవారు మళ్లీ మొదటి నుంచి పెద్ద క్యూలో నిలబడకుండానే ఎక్కుతారు. యూనివర్సల్‌లో చాలా రైడ్ల దగ్గర దీనికి విడిగా గది ఉంటుంది. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు. రోజుకు పది కుటుంబాలైనా భార్యాభర్తలు వేర్వేరుగా రెండుసార్లు పూర్తి క్యూలో నిలబడడం చూశాను.

ఎత్తు విషయంలో బూట్ల మడమ పెంచి, జడ పైకి కట్టి తెచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ అంకె ధైర్యానికి పెట్టిన పరీక్ష కాదు. భద్రతా కడ్డీ కిందికి దిగినప్పుడు ఒంటిని ఎక్కడ పట్టి ఆపుతుందో చూసి నిర్ణయించినది.

స్ట్రోలర్ల గురించి కూడా చెబుతాను. డిస్నీ పార్కులు అమెరికాలో 2019 మే నుంచి 79 సెంటీమీటర్ల వెడల్పు, 132 సెంటీమీటర్ల పొడవు దాటిన స్ట్రోలర్లను అనుమతించడం లేదు, లాగుడు బండ్లను పూర్తిగా నిషేధించాయి. మామూలు మడత స్ట్రోలర్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. రైడ్ దగ్గర వదిలి లోపలికి వెళ్లినప్పుడు మాత్రం తిరిగి వచ్చేసరికి అది వదిలిన చోట ఉండదు. ఎవరో ఎత్తుకుపోయారని ఏడ్చిన తల్లులను ఓదార్చాను. అసలు సంగతేమిటంటే దారి ఖాళీగా ఉంచడానికి సిబ్బంది వాటిని వరుసలుగా జరుపుతూ ఉంటారు. రెండు వందల నల్లటి స్ట్రోలర్ల మధ్య మీది గుర్తుపట్టాలంటే పిడికి కంటికి కొట్టొచ్చే రంగు గుడ్డ కట్టండి. విలువైన వస్తువులు అందులో వదలకండి.

అమ్మమ్మ_అనుభవం

వెన్నెల_అమ్మా, నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఎవరూ రాలేదు, నేను చెబుతాను. నేను కూడా కూతురి కుటుంబంతో ఇలాగే వెళ్లాను. పిల్లను నా దగ్గర వదిలి వాళ్లిద్దరూ ఎక్కడానికి వెళ్తే నాకేమీ బాధ లేదు, సంతోషమే. బాధ కలిగింది ఎప్పుడంటే, ఎంతసేపో చెప్పకుండా వెళ్లినప్పుడు. అరగంటలో వస్తామన్నవారు గంటన్నర రాలేదు, లోపల రైడ్ ఆగిపోయిందట. నాకు బాత్‌రూముకు వెళ్లాలి, ఒళ్లో నిద్రపోతున్న పిల్ల, పక్కన మడత వేయడం చేతకాని స్ట్రోలర్. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ అమ్మను ముందుగానే అడుగు: నడవగలవా, ఎంతసేపు, నీకేం చూడాలని ఉంది అని. నాకు సాయంత్రం ఊరేగింపు చూడాలని ఉండింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఆ సమయానికి నేను గదిలో పిల్లను జోకొడుతున్నాను. స్ట్రోలర్ మడత వేయడం, తెరవడం ఆమెకు ఇంటి దగ్గరే నేర్పించు. ఒకరోజు సాయంత్రం పూర్తిగా ఆమెకే వదిలిపెట్టు.

వెన్నెల_అమ్మ

అమ్మమ్మ గారూ, మీ మాట చదివి అమ్మకు వెంటనే ఫోను చేశాను. నేను అడిగేసరికి కాసేపు మాట్లాడలేదు, తర్వాత బాణసంచా చూడాలని ఉందని చెప్పింది. అడగకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చిరుగంట

బాణసంచా అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా బాబుకు రెండేళ్ల మూడు నెలలప్పుడు తీసుకెళ్లాము. టీవీలో చూసినప్పుడల్లా చప్పట్లు కొట్టే బొమ్మ వేషంలో నిజంగా ఎదురుగా వచ్చి నిలబడితే, బాబు నా మెడ పట్టుకుని ఊపిరాడనివ్వలేదు. ఆలోచిస్తే వాడిదే న్యాయం: అరచేతి అంత తెరలో ఉండే బొమ్మ హఠాత్తుగా తన కంటే రెండింతలు ఎత్తుగా, కదలని కళ్లతో, నోరు మెదపకుండా చేతులు చాస్తే ఎవరికైనా భయమే. ఫొటో కోసం గంట నిలబడ్డామన్న కసితో వాడిని ముందుకు తోశాను, అది నేను చేసిన తప్పు. మర్నాడంతా తలపెద్ద బొమ్మ ఎక్కడ కనబడినా వెనక్కి తిరిగేవాడు. మూడోరోజు దూరంగా కూర్చుని, నేను ముందు వెళ్లి చేయి కలిపి వచ్చాను. నాలుగోసారికి వాడు చేయి ఊపాడు. అక్కడితో ఆపాము.

బాణసంచాకు చెవులను కప్పే హెడ్‌ఫోన్లు కొనండి, పాటలు వినేవి కాదు, శబ్దాన్ని అడ్డుకునేవి. ఇంట్లో మిక్సీ వేసినప్పుడు పెట్టి అలవాటు చేయండి. కొత్త వస్తువు, చీకటి, చప్పుడు మూడూ ఒకేసారి మీద పడితే పిల్లలు వస్తువునే విసిరికొడతారు. ప్రదర్శన జరిగే చోటికి బాగా దగ్గరగా కాకుండా, బయటికి దారి ఉన్న చోట నిలబడండి.

ఆలోచిద్దాం

చిరుగంట గారి పోస్టు నా వాదనకే బలం ఇస్తోంది కదా? నాలుగు రోజులు శ్రమపడితే మిగిలింది ఒక్కసారి చేయి ఊపడం.

చిరుగంట

ఆ చేయి ఊపడం మీరు చూసి ఉంటే ఈ ప్రశ్న అడిగేవారు కాదు. అయినా మీరన్నది కొట్టిపారేయను. రైడ్ల కోసమే వెళ్లేవారు ఆగడమే మంచిది.

ముగ్గురు_పిల్లల_నాన్న

రోజుకు ఎన్ని గంటలు అన్న ప్రశ్న మిగిలిపోయింది. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం అదే, విమానం కూడా దాని తర్వాతే.

ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య అకాడమీ 2016లో సిఫారసు చేసింది. పార్కు ఆ లెక్కను గుర్తించదు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి వరకు ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. టికెట్టు డబ్బు వృథా అవుతుందని మధ్యాహ్నం పార్కులోనే ఉండిపోవాలనిపిస్తుంది. మేము మొదటిసారి అలాగే ఉండిపోయాము. స్ట్రోలర్‌లో ఇరవై నిమిషాలు కునుకు తీసి లేచిన పిల్లవాడు నాలుగు గంటలకు, నేల మీద పడుకుని, ఎవరూ తీసుకోని ఒక బుడగ కోసం, ఇంతకుముందు మేము వినని స్వరంతో ఏడ్చాడు. చుట్టూ చూస్తే అలా పడుకుని ఏడుస్తున్న పిల్లలు ఇంకా ముగ్గురు ఉన్నారు. ప్రతి పార్కులోనూ సాయంత్రం నాలుగుకు ఒకసారి చూడండి, నా మాట అర్థమవుతుంది.

తర్వాత ప్రయాణాలలో తలుపులు తెరిచే అరగంట ముందే గేటు దగ్గర ఉండి, క్యూలు పెరగకముందే పిల్లలకు నచ్చే నాలుగైదు రైడ్లు చూసుకుని, పదకొండున్నరకు బయటపడి, గదిలో పరదాలు వేసి ఇంటి వేళకే పడుకోబెట్టి, నాలుగు దాటాక ఎండ తగ్గాక మళ్లీ వెళ్లాము. పది నుంచి నాలుగు వరకు ఎండ తీవ్రంగా ఉంటుంది కాబట్టి అలా వెళ్లడం ఒంటికి కూడా మంచిది. గది పార్కుకు దగ్గరగా ఉంటేనే ఇది సాధ్యం. అందమైన దూరపు హోటలు కంటే, పది నిమిషాల్లో చేరే మామూలు గది మేలు. మధ్యలో ఒకరోజు పార్కు పేరే ఎత్తకుండా ఖాళీగా వదలండి.

పార్కు_ద్వారం

దీనికి రెండు మాటలు కలుపుతాను. డిస్నీ పార్కుల్లో పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు ఉంటాయి: డైపర్ మార్చే బల్లలు, పాలివ్వడానికి విడి గది, ఎత్తు కుర్చీలు, చల్లటి గాలి, అన్నిటికీ మించి నిశ్శబ్దం. చాలామంది చివరిరోజు కనుక్కుంటారు. మొదటిరోజే అది ఎక్కడుందో మ్యాపులో చూసి పెట్టుకోండి. నీళ్లు చిమ్మే చోట ఆడించాలనుకుంటే నీళ్లలో వాడే డైపర్లు కావాలి, మామూలువి నీరు పీల్చి ఉబ్బి జారిపోతాయి.

రెండోది, ప్రతి ఉదయం గేటు దాటగానే పాపను నిలువెత్తున ఒక ఫొటో తీయండి. తప్పిపోయినప్పుడు తల్లిదండ్రులకు ఆరోజు వేసిన గౌను రంగు గుర్తురాదు, ఇది నేను పదేపదే చూసిన సంగతి. చేతి పట్టీ మీద పేరు కాకుండా ఫోను నంబరు రాయండి. కనబడకపోతే సొంతంగా వెతుకుతూ తిరగకుండా, మొదటి నిమిషంలోనే దగ్గరలో ఉన్న సిబ్బందికి చెప్పండి.

వెన్నెల_అమ్మ

నిన్న రాత్రి తిరిగి వచ్చాము. ఇంత ఓపికగా జవాబులిచ్చిన మీకు ఎలా జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

కేర్స్ పట్టీని వారం ముందు నుంచి భోజనాల బల్ల కుర్చీకి కట్టి కూర్చోబెట్టాము. విమానంలో దాన్ని చూడగానే పాప తనే చేతులు పైకెత్తింది. వెళ్లేటప్పుడు దిగే సమయానికి మంచి నిద్రలో ఉంది. లేపడానికి మనసొప్పక ఐదు నిమిషాలు ఆగాను. ఆ ఐదు నిమిషాలకే ముఖం చిట్లించి, చెవి పట్టుకుని, కళ్లు తెరవకుండానే ఏడుపు మొదలుపెట్టింది. స్ట్రా గ్లాసు నోటికి అందించాను, తోసేసింది, మళ్లీ అందించాను. మూడోసారికి రెండు గుక్కలు తాగి, ఏదో గుర్తొచ్చినదానిలా చటుక్కున ఏడుపు ఆపి కిటికీ వైపు చూసింది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఇంజిను చప్పుడు మారగానే లేపేశాను, కిక్కురుమనలేదు.

పార్కులో రెండు పూటల పద్ధతే పాటించాము. ఒక్కరోజు, అది పుట్టినరోజే, మధ్యాహ్నం ఉండిపోయాము. ఆ సంగతి ఇక్కడ రాయను, ముగ్గురు పిల్లల నాన్న గారు ముందే రాసేశారు, మా విషయంలో బుడగకు బదులు వేరేవాళ్ల స్ట్రోలర్, అంతే తేడా. నెమ్మదిగా సాగే పడవ మీద పదకొండుసార్లు తిరిగాము. పదకొండోసారి అక్కడి అబ్బాయి మమ్మల్ని అడగకుండానే గొలుసు తీశాడు. వేషాలు వేసినవారిని దూరం నుంచే చూసింది, మేము తొందరపెట్టలేదు. మావారు రైడర్ స్విచ్‌తో మూడు కోస్టర్లు ఎక్కారు, నేను ఒకటి ఎక్కి, ఇక చాలనుకున్నాను.

మూడోరోజు సాయంత్రం అమ్మదే. మావారు పాపతో గదిలో ఉండిపోయారు, నేను, అమ్మ బాణసంచాకు వెళ్లాము. మా అమ్మతో నేనొక్కదాన్నే అలా బయట నిలబడి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోలేదు.

ఆలోచిద్దాం గారూ, మీరు చెప్పినట్టు పెద్ద రైడ్లలో దేనికీ పాప ఎత్తు చాలలేదు. నాలుగేళ్లకు మళ్లీ వెళ్తాము.

ఆలోచిద్దాం

సంతోషమండీ. పడవ మీద పదకొండుసార్లా? మీ ఓపికకు నమస్కారం. ఒక చిన్న సందేహం: స్ట్రోలర్‌ను విమానం గేటు దగ్గర ఇచ్చారా, సామానుతో పంపారా? మా చెల్లెలి కుటుంబం వెళ్తోంది, అందుకే అడుగుతున్నాను.

వెన్నెల_అమ్మ

గేటు దగ్గరే ఇచ్చాము. అక్కడిదాకా పాపను, సంచులను అదే మోసింది. ఇచ్చే ముందు గ్లాసు పెట్టే గిన్నె, పైకప్పు ఊడదీసి చేతిసంచిలో వేసుకోండి, మాకు వెళ్లేటప్పుడు ఆ గిన్నె విరిగి వచ్చింది. మందపాటి సంచిలో పెట్టి మూతి కట్టి ఇస్తే ఇంకా మంచిది. దిగాక అది గేటు దగ్గరికి వస్తుందా, సామాను బెల్టు మీదికి వస్తుందా అని ట్యాగు వేసేటప్పుడే అడగమనండి. మాకు బెల్టు మీదికి వచ్చింది, అంతదూరం పాపను ఎత్తుకునే నడిచాము.